దగ్గరి దారి

దూరమును వేగముచే భాగించిన కాలము వచ్చునని బాలబాలికలు వల్లెవేయుచున్నారు. సూత్రము సత్యమే, ఆ వేగ మెట్టిదో అడుగువారే అరుదు.

2015 డిసెంబరులో ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా మొదలైన ఎయిరిండియా విమానము అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయెడిది. 2016 అక్టోబరులో అది తూర్పునకు మరలి, పసిఫిక్ మీదుగా సుమారు 15,300 కిలోమీటర్లు ఎగిరి, దాదాపు 14 గంటల 30 నిమిషములలో గమ్యము చేరినది. దారి పెరిగినది, కాలము రెండు గంటలవరకు తగ్గినది. ఉన్నతాకాశమున పడమటినుండి తూర్పునకు వీచు ప్రబలవాయువు, మునుపు ఎదురైనది, ఇపుడు తోడైనది. నేలపై విమానవేగము పెరిగినది.

సూత్రమును వల్లింపజేసి ఊరకుండు ఉపాధ్యాయుడు సగము చదువే చెప్పినవాడగును. గణితపాఠము జరుగునపుడును భూగోళపు నమూనా బల్లపై నుండవలెను. గాలి ఎటు వీచుచున్నదని అడుగ నేర్చిన విద్యార్థికే ఆ లెక్క బోధపడును.