ఫుట్టు కొనండి... వేలు కాచుకోండి!

"ఫుట్టు తీసేసి కుట్టడంలోనే ఉందండీ అసలు పనితనం!" మెషిన్ ఎంబ్రాయిడరీలో చేయి తిరిగిన ఆడవాళ్ళను కదిపితే చాలా తరచుగా వినిపించే మాట ఇది. నిజమే. గుడ్డను రింగులో బిగించి, మామూలు కాలి మిషను మీదే పువ్వులూ లతలూ పరిచేసే వాళ్ళ నేర్పును కాదనలేం. కానీ అదే ధీమాతో బొంత కుట్టడానికి కూర్చోవడం మాత్రం మంచిది కాదు. ఆ మాట గట్టిగా చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ!

అమ్మ కట్టి కట్టి మెత్తబడిన వాయిలు చీరల్ని పారేయడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? వెనకటి రోజుల్లో వాటిని మడత మీద మడత పరిచి, చేత్తో దారపు కుట్లు వేసి బొంత కుట్టేవారు. ఇప్పుడంత తీరిక ఎవరికుంది చెప్పండి! ఇంట్లో మిషను ఉంది కదా, దాని మీదే కుట్టేద్దామనుకుంటాం. నిలువు గీతలూ అడ్డగీతలూ అయితే సరే. అలా కాకుండా, గుడ్డను రెండు చేతులతో ఇష్టం వచ్చినట్టు తిప్పుతూ మామిడి పిందెలు, పూలు, తీగలు కుట్టడాన్ని ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటున్నారు. పేరు కొత్తగా ఉన్నా భయపడక్కర్లేదు. చెయ్యి ఎత్తకుండా మెలికల ముగ్గు వేయడం వచ్చినవాళ్ళకు ఇది పట్టుబడని విద్యేమీ కాదు. చిక్కంతా మిషనుకు తగిలించే ఫుట్టు దగ్గరే.

ఎంబ్రాయిడరీకి అక్కర్లేని ఫుట్టు బొంతకెందుకు? ఎంబ్రాయిడరీలో ఫుట్టు చేయాల్సిన పని రింగు చేస్తుంది. గుడ్డ బిగుతుగా, ప్లేటును అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి సూది పైకి లేచేటప్పుడు దానితోపాటు లేవదు. సరిగ్గా ఆ క్షణంలోనే పైదారం చిన్న ఉచ్చులా విచ్చుకోవాలి, కింద షటిల్ కొక్కెం దాన్ని అందుకోవాలి. అప్పుడే కుట్టు పడుతుంది. మరి రెండు చీరలు, మధ్యలో పాత దుప్పటి ఉన్న బొంతను ఆ చిన్న రింగులో బిగించగలమా? పట్టి ఉంచేదేమీ లేక గుడ్డ సూదితోపాటే లేస్తుంది. ఉచ్చు సరిగ్గా పడదు, కుట్లు తప్పుతాయి. దాంతో గుడ్డను అణచాలని వేళ్ళు సూది దగ్గరకు తీసుకుపోతాం. ప్రమాదమంతా అక్కడే!

ఈ పనికి కావలసింది డార్నింగ్ ఫుట్. ఫ్రీ మోషన్ ఫుట్ అని కూడా అంటారు. సాధారణంగా కింద చిన్న వలయం, పైన స్ప్రింగు, పక్కన చెయ్యి చాచినట్టు ఒక కడ్డీ ఉంటాయి. ఆ కడ్డీ సూదిని బిగించే స్క్రూ మీద ఆనాలి. సూది లేచినప్పుడు ఫుట్టు కూడా లేచి గుడ్డ తిరగడానికి దారిస్తుంది. సూది దిగినప్పుడు తానూ దిగి గుడ్డను పట్టి ఉంచుతుంది. క్విల్టింగ్ ఫుట్ ఇవ్వమంటే కొందరు వాకింగ్ ఫుట్ చూపిస్తారు. అది మందపు గుడ్డల మీద తిన్నని గీతలకు బాగుంటుంది గానీ, మెలికలు తిప్పడానికి పనికిరాదు.

కొనేముందు కొలత చూసుకోండి. బొమ్మలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఇంటికొచ్చాక తెలుస్తుంది అసలు సంగతి! మీ మిషను ఫుట్టును కిందికి దించి, దాన్ని బిగించే స్క్రూ నుంచి ప్లేటు వరకు స్కేలు పెట్టండి. ముప్పావు అంగుళం లోపు ఉంటే లో షాంక్, అంగుళమో అంతకన్నా కాస్త ఎక్కువో ఉంటే హై షాంక్. ఇళ్ళలో ఉండే మిషన్లలో ఎక్కువభాగం లో షాంకే. అయినా కొలవకుండా కొనొద్దు. వీలైతే పాత ఫుట్టును విప్పి షాపుకు పట్టుకెళ్ళండి.

ఇక వలయం సంగతి. ముందు వైపు తెరిచి ఉన్నదైతే సూది మొన బాగా కనిపిస్తుంది, గీసిన ముగ్గు మీదుగా కుట్టడానికి వీలు. అయితే పాత చీరల బొంతలో జరీ పోగులు, అతుకుల అంచులు ఆ తెరిచిన కొనలకు తట్టుకుంటాయి. అందుకే మొదటిసారి బొంత కుట్టేవారికి మూసి ఉన్న వలయమే మేలని నా అభిప్రాయం. పారదర్శకమైన ప్లాస్టిక్‌దైతే చూపుకు అడ్డం రాదు. కొన్నాళ్ళకు గీతలు పడి మసకబారుతుంది, అదొక్కటే లోపం. ఇంకోమాట... స్కేలు ఆనించి కుట్టేందుకు రూలర్ ఫుట్ అని మందపాటి అంచున్నది వేరే ఉంది. దానికి మందమైన స్కేళ్ళు కూడా వేరే. పిల్లల పలచటి స్కూలు స్కేలును మామూలు ఫుట్టుకు ఆనించి కుట్టకండి. అది కిందికి జారిందంటే సూది స్కేలుకు తగిలి ముక్కలవుతుంది.

ఫుట్టు బిగించాక వెంటనే తొక్కకండి. చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, సూది వలయం మధ్యలో దిగుతోందో లేదో చూసుకోండి. గుడ్డను వెనక్కి లాగే పళ్ళను దించండి. దించే వీలు లేకపోతే వాటి మీద మూత ప్లేటు పెట్టండి. అదీ లేకపోతే కుట్టు పొడవును సున్నాకు తిప్పండి. ఫుట్టును దించే మీట మాత్రం మరిచిపోవద్దు. అది దించకపోతే పైదారానికి బిగువు రాదు, గుడ్డ అడుగున దారం పిచ్చుక గూడవుతుంది! 14 లేదా 16 నంబరు కొత్త సూది వేసుకుని, దిండు గలీబంత ముక్క మీద నాలుగు రోజులు సాధన చేయండి. కాలి వేగానికి చేతి వేగం కుదిరితేనే కుట్లు సమంగా వస్తాయి. వేళ్ళు మాత్రం వలయానికి రెండంగుళాల దూరంలోనే ఉండాలి.

"పాతబొంతకు మళ్ళీ ఖర్చా?" అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. వాళ్ళదాకా ఎందుకు, ముందు మనమే అనుకుంటాం! మిక్సీ జారు అరిగిపోతే వంట ఆగకూడదని ఆ వారమే కొంటాం. మన చేతిపనికి కావలసిన చిన్న సాధనం దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఎలాగో సర్దుకుందాంలే" అంటాం. ఆ సర్దుబాటు ఖరీదు ఒక్కోసారి వేలు! వేల్లో సూది దిగితే ఆగేది బొంత ఒక్కటేనా? జాకెట్లు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకునే ఇల్లాలికి ఆ రోజుల ఆదాయమూ పోతుంది. పోనీ కొత్త మిషను కొనమంటున్నామా? పాత మిషను నడుస్తూ ఉంటే అది చాలు. దానికి సరిపడే ఫుట్టు ఒక్కటి కొంటే చాలు.

పనిముట్టు లేకుండా పని చేయడం గొప్ప అని మనకెవరు నేర్పారో గానీ, ఆ గొప్ప మనకొద్దు. అమ్మ చీరలతో కుట్టిన బొంత పిల్లలకు వెచ్చగా ఉండాలి. దాన్ని కుట్టిన చెయ్యి కూడా పదికాలాలు చల్లగా ఉండాలి. ఏమంటారు?