బాలుర మద్యపానము - తల్లిదండ్రుల ధర్మము

కుమారుడు త్రాగి యింటికి వచ్చిన రాత్రి తండ్రి వాని సావాసగాండ్రను నిందించును. తల్లి దుకాణదారుని శపించును. కాని వాడు సీసాను మొట్టమొదట చూచిన తావేది? పెక్కిండ్లలో తండ్రి బీరువాయే గదా! పెండ్లి విందున పెద్దలు నవ్వుచు నందించిన గ్రుక్కెడే గదా!

శాసనము లేకపోలేదు. వైద్యుని యాజ్ఞ లేక బాలురకు మద్యమిచ్చినవారికి, 2015 నాటి బాలన్యాయ శాసనము 7 సంవత్సరములవరకు కఠిన కారాగారమును, లక్ష రూపాయలవరకు జరిమానాను విధించుచున్నది. ఇచ్చినవాడు తండ్రియైనను మినహాయింపు లేదు. అయిన నేమి? తండ్రిపై ఫిర్యాదు చేయువా రెవరు?

నెల్లూరు మండలమందలి దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణము మూయించిరి. వారు రేపిన యుద్యమఫలముగా 1993లో సారాయు, 1995లో సమస్త మద్యమును నిషేధింపబడెను. 1997లో ఖజానా లోటు పేర ఆ నిషేధము సడలెను. ప్రభుత్వ నిషేధము రాబడిని చూచి మారును. ఇంటి నిషేధమున కట్టి యిక్కట్టు లేదు.

కావున తండ్రులారా! ఇంట సీసా నుంచకుడు. పిల్లల చేతికిచ్చు రూకలకు లెక్క యడుగుడు. తప్పు బయల్పడినచో కొట్టకుడు. దెబ్బలు తిన్నవాడు దాచుట నేర్చునే కాని మానుట నేర్వడు. చెంత కూర్చుండబెట్టుకొని మాటలాడుడు. అన్నిటికంటె ముందు, వలదని చెప్పు నోట మద్యగంధము లేకుండ చూచుకొనుడు.