భూస్థాపనకు వచ్చే మనం ముందే రాలేమా?



కిందటేడు మన ఆడవాళ్ళ వార్డు నుండి ఒక తల్లిని ఇంటికి పంపించాం. గర్భసంచి క్యాన్సరు లివరు దాకా పాకింది. ఇక ఆపరేషను గాని, కరెంటు పెట్టడం గాని పనిచేయదని డాక్టరుగారు చెప్పారు. నెల తర్వాత ఆమె కోడలు మందుల కోసం వచ్చి, నా గదిలో కూర్చుని ఏడ్చింది. "సిస్టరమ్మా, మొదట్లో అందరూ వచ్చారు. పండ్లు తెచ్చారు, ప్రార్థన చేశారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. నేను స్నానానికి వెళ్ళాలన్నా అత్తమ్మ దగ్గర కూర్చునే మనిషి లేదు" అంది. మూడు వారాలకు ఆ తల్లి ప్రభువునందు నిద్రించింది. భూస్థాపనకు నేనూ వెళ్ళాను. షామియానా చాలక జనం ఎండలో నిలబడ్డారు. వాళ్ళలో పదిమంది ముందే వంతులు వేసుకుని వచ్చి ఉంటే, ఆ కోడలు కొన్ని రాత్రులైనా నిద్రపోయేది కదా అనిపించింది.

మన సంఘాల్లో ప్రేమ లేదని నేను అనను. చావు దగ్గరపడిన మనిషి ముందు ఏం మాట్లాడాలో, ఏం చేయాలో మనకు తెలియదు. అందుకే "ఏం కాదు, లేచి తిరుగుతావు" అని చెప్పి వచ్చేస్తాం. కొందరైతే విశ్వాసం చాలలేదని కూడా అంటారు. అది పుండు మీద కారం చల్లడమే. రోగికి తన సంగతి చాలావరకు తెలుసు. రాత్రి రెండు గంటలకు డ్యూటీ నర్సు చేయి పట్టుకుని "సిస్టర్, నేను పోతానా?" అని అడిగిన వాళ్ళను ఎందరినో చూశాను. పగలు ఆ మాట ఎత్తితే ఇంటివాళ్ళు నోరు మూయిస్తారు కాబట్టి రాత్రి అడుగుతారు.

పూర్వం ప్రతి ఊళ్ళో కాన్పుకు తోడుండే మంత్రసాని ఉండేది. లోకంలోకి వచ్చేటప్పుడు తోడు అవసరమైతే, వెళ్ళేటప్పుడు అవసరం లేదా? విదేశాల్లో ఇప్పుడు ఇలా చివరి రోజుల్లో తోడుండే వారిని డూలా అంటున్నారు. మొదట కాన్పులో తోడుండే వారికి వచ్చిన పేరు ఇది. గ్రీకులో దాసురాలు అనే మాట నుండి పుట్టింది. లూకా సువార్తలో దేవదూత ముందు మరియ తన్ను గురించి చెప్పుకొన్నది ఆ మాటతోనే. అక్కడ చాలామంది డబ్బు తీసుకుని ఈ పని చేస్తారు. మనకు కావలసింది అది కాదు. మనకు కావలసింది ఇరుగుపొరుగు.

దీనికి మాదిరి మన దేశంలోనే ఉంది. కేరళలోని కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు 1993లో బాధ నివారణ సేవ మొదలుపెట్టారు. ఆసుపత్రి ఒక్కటే ఇంతమందిని చూడలేదని వారికి త్వరలోనే అర్థమైంది. 2001 నుండి మలప్పురం వైపు ఊరూరా ఇరుగుపొరుగు గుంపులు లేచాయి. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగల వారిని చేర్చుకుని, పదహారు గంటల పాఠాలు చెప్పి, కొన్ని రోజులు రోగుల ఇళ్ళకు వెంట తిప్పి నేర్పించారు. ఖర్చులకు ఊళ్ళోవాళ్ళే చిన్న చిన్న చందాలు ఇచ్చారు. 2008లో కేరళ ప్రభుత్వం ఈ సేవను తన ఆరోగ్య విధానంలోకి తీసుకుంది.

మన దగ్గర కూడా సంఘానికి ఒక గుంపు ఉండాలని నా మనవి. ఎనిమిది, పదిమంది చాలు. చదువు అక్కర్లేదు, ఓపిక కావాలి. వంతు ప్రకారం వెళ్ళి రెండు గంటలు కూర్చుంటే, ఇంటివాళ్ళు అన్నం తింటారు, కునుకు తీస్తారు. మంచాన పడినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, నోరు శుభ్రం చేయడం, పెదవులు తడపడం మేము నేర్పుతాం. చివరి రోజుల్లో ఆకలి చచ్చిపోవడం సహజం. ప్రేమకొద్దీ బలవంతంగా జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మాట పడిపోయినా చెవి వింటూ ఉండవచ్చు గనుక మంచం పక్కన అప్పుల గొడవలు, ఆస్తుల లెక్కలు మాట్లాడకూడదు.

గుంపు డాక్టరుకు బదులు కాదు. నొప్పి ఎక్కువైతే, ఆయాసం వస్తే మాకు కబురు చేయడం వారి పని. మార్ఫిన్ పేరు చెబితే భయపడేవారు ఇంకా ఉన్నారు. డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీసే మందు కాదు, నొప్పి తీసే మందు. ఆసుపత్రులకు అది దొరకడం సులువు కావాలని 2014లో మత్తుమందుల చట్టాన్ని కూడా సవరించారు.

ఒక మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. ఈ గుంపు మన సంఘస్థుల ఇళ్ళకే పరిమితం కాకూడదు. పక్కింటి హిందువు, ఎదురింటి ముస్లిము పడకలో ఉన్నా వెళ్ళాలి, వారిలో ఇష్టమున్నవారిని గుంపులో చేర్చుకోవాలి. వెళ్ళిన చోట రోగి అడిగితే ప్రార్థన చేద్దాం. అడగకపోతే మౌనంగా చేయి పట్టుకుందాం. లేవలేని మనిషికి బోధ చేయడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే వద్దని లేచి వెళ్ళే శక్తి ఆయనకు లేదు. ఆ ఇంట విన్న సంగతులు వీధిలో చెప్పకూడదు. ఈ రెండూ పాటించలేనివారు గుంపులో చేరకపోవడమే మేలు.

"మేము పనిపాటలు చేసుకునేవాళ్ళం, తీరిక ఎక్కడిది సిస్టరుగారూ?" అని అడుగుతారు. నిజమే. కూలికి వెళ్ళేవారు రోజంతా ఇవ్వలేరు. అందుకే ఒక్కరి మీద భారం వేయకుండా గుంపు కావాలంటున్నాను. పదిమంది వారానికి రెండేసి గంటలు ఇస్తే ఆ ఇంటికి ఇరవై గంటలు. ఆ కోడలికి ఇరవై గంటలు దొరికి ఉంటే!

గెత్సేమనే తోటలో ప్రభువు ముగ్గురు శిష్యులను అడిగింది పెద్ద పనేమీ కాదు. తనతోపాటు కాసేపు మెలకువగా ఉండమన్నాడు. వాళ్ళు నిద్రపోయారు. మన వీధిలో ఈ రాత్రి ఎవరో అదే అడుగుతున్నారు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, స్త్రీల సమాజం నుండి, యవనస్థుల నుండి ఇష్టమున్నవారు మీ అయ్యగారికి పేర్లు ఇవ్వండి. పురుషులు కూడా రండి, మగ రోగులను తిప్పడానికి మీ చేతులు కావాలి. పేర్లు చేరితే నేర్పించే బాధ్యత నర్సులం మేము తీసుకుంటాం.