నేతపడుచును అడిగిన వరం

చైనా చాంద్రమానంలో ఏడో నెల ఏడో రాత్రి చీషీ పండగ. చాలా ఏళ్ళు అది మన శ్రావణ శుద్ధ సప్తమికి ఒక రోజు అటూ ఇటూగా వస్తుంది. అక్కడి నగరాల్లో ఆ రోజు గులాబీలకు, చాక్లెట్లకు మంచి గిరాకీ. పెళ్ళిళ్ళు నమోదుచేసే ఆఫీసుల దగ్గర జంటల వరసలు. 'చైనా ప్రేమికుల రోజు' అని అందరూ రాసేస్తున్నారు. కథవరకు ఒప్పుకోవచ్చు. పండగ మాత్రం మొదట్లో ఆడపిల్లల పనితనానిది.

దేవలోకంలో వస్త్రాలు నేసే ఝినూ భూమికి దిగివచ్చి న్యూలాంగ్ అనే పశులకాపరిని పెళ్ళాడింది. ఇద్దరు పిల్లలు పుట్టాక దేవతల రాణి ఆమెను వెనక్కి తీసుకుపోయింది. పిల్లల్ని కావడిలో కూర్చోబెట్టుకుని భర్త వెంటపడితే, కొప్పులోని పిన్ను తీసి ఆ రాణి గీసిన గీతే పాలపుంత. ఏడాదికొక్క రాత్రి మ్యాగ్‌పై పిట్టలు గుంపుగా చేరి వాళ్ళకు వంతెనవుతాయి. ఝినూ అంటే మన అభిజిత్ నక్షత్రమే. న్యూలాంగ్ మన శ్రవణం. దానికి అటూ ఇటూ ఉన్న చిన్న చుక్కలు ఆ పిల్లలు. శ్రవణకుమారుడి కథ విన్న తెలుగువాళ్ళు ఇక్కడ కాస్త ఆగుతారు. మన కావడిలో ముసలి తల్లిదండ్రులు, వాళ్ళ కావడిలో పసివాళ్ళు.

జానపదులు చెప్పే తీరులో, ఆమె స్నానం చేస్తుంటే బట్టలు దాచేసి అతను పెళ్ళికి ఒప్పిస్తాడు. దాన్ని ప్రేమ అనడానికి మాకు నోరు రాదు. మరో పాత కథనంలో, పెళ్ళయ్యాక మగ్గం వదిలేసిందని దేవలోక చక్రవర్తే ఇద్దర్నీ విడదీస్తాడు. అక్కడ తగవంతా పని గురించే.

పండగా అంతే. 6వ శతాబ్దంలో జోంగ్ లిన్ రాసిన ఆచారాల పుస్తకం ప్రకారం, ఆ రాత్రి ఆడవాళ్ళు ఏడు కన్నుల సూదుల్లో రంగుదారాలు ఎక్కించేవారు. వాకిట్లో పళ్ళు పెట్టి, చేతికి నేర్పు ఇమ్మని వేడుకునేవారు. పండుమీద సాలీడు గూడు అల్లితే కోరిక ఫలించినట్టే. పెళ్ళికూతురి విలువను కుట్టుపనితో కొలిచిన కాలం కాబట్టి, ఆ వేడుకోలులో సరదా ఎంతో భయమూ అంతే ఉండి ఉంటుంది.

బట్ట మిల్లునుంచి రావడం మొదలయ్యాక సూదికి ఆ గౌరవం దక్కలేదు. ఖాళీ అయిన చోట దుకాణాలు వెలిశాయి. ప్రభుత్వం 2006లో చీషీని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. వాయవ్యాన గాన్సూలోని షీహలో మాత్రం పెళ్ళికాని పిల్లలు ఏడు పగళ్ళు, ఎనిమిది రాత్రులు కలిసి పాడుతూ, ఆడుతూ ఇప్పటికీ ఆ నేర్పునే అడుగుతున్నారు.