తాతగారి బుల్లెట్టుకి అయిదు నిమిషాల స్టార్టింగు వద్దు

ఆయుధపూజ వస్తే చాలు, తమిళనాట మన తెలుగు ఇళ్లలో మూలనున్న పాత బండి బయటికొస్తుంది. కడుగుతారు, గంధం కుంకుమ పెడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. పిల్లలు చుట్టూ మూగితే ఎవరో ఒకరు కిక్కు కొట్టి, అయిదు నిమిషాలు ఆ డుగుడుగు శబ్దం వినిపించి ఆపేస్తారు. పూజ చేయండి, తప్పకుండా చేయండి. మా అభ్యంతరమల్లా ఆ అయిదు నిమిషాల మీదే. బండిని కాపాడుతున్నామనుకుని చేసే ఆ పనే దాని ఇంజన్ ఆయిల్లోకి నీళ్లు చేరుస్తుంది.

నీళ్లెక్కడివి అంటారా? పెట్రోలులోంచే. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలావరకు సైలెన్సర్లోంచి బయటికి పోతుంది గానీ, కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి క్రాంక్ కేసులో చేరుతుంది. ఇంజన్ బాగా కాగితే ఆ ఆవిరి బ్రీదర్ గొట్టంలోంచి వెళ్లిపోతుంది. చల్లటి ఇంజన్‌ని కాసేపు తిప్పి ఆపేస్తే లోపలి ఇనుము మీద నీటిబొట్లుగా పేరుకుని ఆయిల్లో కలిసిపోతుంది. స్టాండు మీద నిలబెట్టి తిప్పినా అంతే. గాలి తగలక పైన హెడ్డు మాడిపోతుంటుంది, కింద ఆయిలు మాత్రం తగినంత వేడెక్కదు. ఇక పూజ అయిన కొన్నాళ్లకే మనకి ఈశాన్య రుతుపవనం. మద్రాసు ఉప్పుగాలి, వాన తేమ, పైన ప్లాస్టిక్ పట్టా. మళ్లీ సంక్రాంతి దాకా ఆ నీరు లోపలే ఉంటుంది.

ఇలా నాలుగేళ్లు గడిచాక ఆయిల్ మూత తీస్తే అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డు కనిపిస్తుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగుకి తిరుగుతుంది. అసలు నష్టం ఇక్కడే మొదలు. "హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజన్ మొత్తం విప్పాల" అని ఎవరో అంటారు. ఖర్చు విని ఇంట్లోవాళ్లు బెదిరి బండిని పాత సామాన్ల ధరకి ఇచ్చేస్తారు. మా చుట్టాల్లోనే రెండు బళ్లు ఇలా పోయాయి. నీళ్లతో చల్లబడే కారు ఇంజన్లో ఆ అనుమానం సబబే. బుల్లెట్ ఇంజన్ గాలితో చల్లబడేది. అందులో కూలింగు నీళ్లే లేనప్పుడు గాస్కెట్ పోయి నీళ్లు దిగడమేంటి? బండి వరదలో మునగకపోతే, ట్యాంకులోకి వాననీరు పోకపోతే, ఆ తెల్లదనం చాలాసార్లు వాడకపోవడం వల్ల వచ్చిన తేమే.

దానికి మందు పెద్ద ఖర్చేం కాదు. ముందు ఆ తెల్లబడ్డ ఆయిల్ తీసేయండి. ఇంజన్ ఆయిలు, గేరు బాక్సు, ప్రైమరీ చైన్ కేసు పాత బుల్లెట్లో మూడూ వేరువేరు, మూడూ చూడండి. ఇంజన్లో కొత్త 20డబ్ల్యూ50 పోసి అరగంట, ముప్పావు గంట రోడ్డు మీద నడపండి. వేడిగా ఉండగానే మళ్లీ దింపి తాజా ఆయిల్ పోయండి. కిరసనాయిలుతో కడగొద్దు, లోపల మిగిలిపోయి ఆయిల్ని పలచన చేస్తుంది. బ్రీదర్ గొట్టం మడత పడిందా, మూసుకుపోయిందా చూడండి. ఇక మీదట కిలోమీటర్ల లెక్క పక్కనపెట్టి కేలండర్ చూసి, ఏడాదికొకసారైనా ఆయిల్ మార్చండి. నీరూ, కాలిన పెట్రోలు మడ్డీ కలిస్తే ఆమ్లం తయారవుతుంది. అది కూర్చున్నచోటే బేరింగుల్ని తినేస్తుంది.

"రోడ్డెక్కిస్తే ఈ ట్రాఫిక్కులో ఎవడైనా గుద్దితే? పార్టులు ఎక్కడ తేవాల?" అని మా పెద్దనాయన అడుగుతుంటారు. భయం న్యాయమైందే. అందుకే ఆదివారం తెల్లవారుజామున, నెలకొకసారి, ఇరవై ముప్పై కిలోమీటర్లు చాలంటున్నాం. నడిపేవాళ్లు ఇంట్లో లేరా, అయితే అసలు స్టార్టే చేయకండి. కొత్త ఆయిల్ పోసి, ఒకసారి బాగా నడిపి వేడెక్కించి, చల్లారాక నూలు గుడ్డ కప్పి ఉంచండి. ఊరికే కూర్చున్న బండి కంటే అప్పుడప్పుడు అయిదేసి నిమిషాలు తిరిగిన బండే తొందరగా పాడవుతుంది.

1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారైన బళ్లివి. మన తాతలు వీటి మీదే పొలాలకీ, మిల్లులకీ, పెళ్లి సంబంధాలకీ తిరిగారు. వాళ్లు వీటిని దాచుకోలేదు, వాడారు. తరాలుగా ఇక్కడున్నా మన ఇళ్లలో తెలుగు మిగిలిందీ రోజూ నోట్లో నలిగినందుకే. ఈ ఏడు పూజకి నిమ్మకాయలు తొక్కించాక బండిని వెంటనే లోపల పెట్టకండి. ఇంటి కుర్రాడికి హెల్మెట్ ఇచ్చి, బాగా కాగేదాకా నడిపి రమ్మనండి. అంతకు ముందు ఆ ఆయిల్ మూత మాత్రం ఒకసారి తీసి చూడండి.