సాహుకార్ల వివేకము – చిన్నవాని బాకీ

మూసీనది దక్షిణపుటొడ్డున 1920వ సంవత్సరమున ప్రారంభింపబడిన హైకోర్టు భవనమును జూచినప్పుడెల్ల పాతనగర వాసికి న్యాయము తన వాకిటనే యున్నదను ధైర్యము కలుగుట సహజము. కాని తాను ఉద్దెరకు సరకిచ్చిన కంపెనీ దివాలా తీసిననాడు ఆ ధైర్యము చాలదు. అట్టి వ్యవహారము 2016వ సంవత్సరపు దివాలా స్మృతి ననుసరించి జాతీయ కంపెనీ న్యాయమండలివారి హైదరాబాదు పీఠమునకు పోవును. అచ్చట గూడ దానిని నిజముగా తేల్చువారు న్యాయమండలి సభ్యులు కారు, ఋణదాతల సంఘమువారు. ఈ సంఘమునకు సుప్రీంకోర్టు తీర్పులు ఎంతటి యధికారమును స్థిరపఱచినవో, దానితోబాటు ఏ బాధ్యతను విధించినవో మన పట్టణపు వర్తకులును, పనివారును తెలిసికొనుట యవసరమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

స్మృతి ఋణదాతలను రెండు తెగలుగా విభజించినది. వడ్డీకి సొమ్మిచ్చిన బ్యాంకులు మొదలగువారు ద్రవ్యఋణదాతలు. సరకు నిచ్చియో, పని చేసియో సొమ్ము రావలసియున్నవారు వ్యవహార ఋణదాతలు. కంపెనీని ఎవరి కప్పగించవలయును, ఎంతకు అప్పగించవలయును, ఆ వచ్చిన సొమ్మును ఎట్లు పంచవలయును అను సంగతులను సాధారణముగా మొదటి తెగవారి సంఘమే వోట్లచే నిర్ణయించును. రెండవ తెగవారి బాకీ మొత్తము అప్పులో పదియవ వంతునకు తక్కువ కానిచో వారి ప్రతినిధి వచ్చి కూర్చుండవచ్చును గాని వోటు లేదు. ఈ భేదము రాజ్యాంగ విరుద్ధము కాదని 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

తరువాతి తీర్పులలో రెండు మన హైదరాబాదు పీఠము నుండియే బయలుదేరినవి. కామినేని స్టీల్ అండ్ పవర్ కంపెనీ వ్యవహారమున పరిష్కార ప్రణాళికకు నూటికి 66.67 వంతుల వోట్లు మాత్రమే వచ్చినవి. నాటి శాసనము 75 వంతులు కావలయుననెను. ఇచ్చటి పీఠమువారు అయినను ప్రణాళికను ఆమోదించిరి. 2019 ఫిబ్రవరి 5వ తేదీన సుప్రీంకోర్టు ఆ యామోదము చెల్లదనియు, ఒప్పుకొనని బ్యాంకులు ఏల ఒప్పుకొనలేదో విచారించుట న్యాయమండలి పని కాదనియు తేల్చినది. ఋణదాతల వ్యాపార వివేకమును న్యాయస్థానము తూచరాదను సూత్రము ఆ తీర్పుతో స్థిరపడినది. శాసనకర్తలు 2018లోనే 75ను 66కు తగ్గించియుండిరి గాని ఆ సవరణ వెనుకటి వోటునకు వర్తింపదని గూడ అందు చెప్పబడినది.

రెండవది యునైటెడ్ సీమ్‌లెస్ ట్యూబ్యులార్ అను ఉక్కు గొట్టముల కంపెనీ సంగతి. దానిని కొనదలచినవారు ఈయజూపినది 477 కోట్ల రూపాయలు. కంపెనీని మూసి ఆస్తులనమ్మినచో రాదగిన విలువ 597.54 కోట్లని లెక్క తేలినది. తక్కువ ధరకేల యియ్యవలయునని అప్పీలు న్యాయమండలి ప్రశ్నించి, ఆ మొత్తమునకు పెంచుమన్నది. 2020 జనవరి 22వ తేదీన సుప్రీంకోర్టు దానిని త్రోసివైచి, ప్రణాళిక ఆ విలువకు సరితూగవలయునని శాసనములో లేదనియు, ఋణదాతలు అంగీకరించిన పిమ్మట న్యాయమండలి బేరమాడరాదనియు చెప్పినది.

ఈ తీర్పులకు హేతువు లేకపోలేదు. న్యాయాధికారి వర్తకుడు కాడు; కర్మాగారము నడుచునో నడువదో తూచుట అతని విద్య కాదు. 1985 నాటి శాసనము క్రింద ఖాయిలాపడిన కంపెనీలు ఏండ్ల తరబడి విచారణలలో నలుగుచుండగా యంత్రములు తుప్పుపట్టుటయు, పనివారు చెదరిపోవుటయు ఈ దేశము చూచినది. అదియు గాక, బ్యాంకుల సొమ్మనగా ఎవరి సొమ్ము? పింఛను దాచుకొన్న వృద్ధుని సొమ్ము, కూతురి పెండ్లికై కూడబెట్టిన చిన్న వర్తకుని సొమ్ము. దానిని రాబట్టుటకు బ్యాంకులకు గట్టి హక్కుండుటను మేము కాదనము.

మా సందేహము వేఱొకచోట నున్నది. వివేకమును ప్రశ్నింపరాదన్నప్పుడు ఆ వివేకము తన కారణములను తెలుపనక్కఱలేదా? దివాలా స్మృతి క్రింద దేశమున మొట్టమొదట ఆమోదము పొందిన ప్రణాళిక మన హైదరాబాదు పీఠము 2017 ఆగస్టు 2వ తేదీన ఆమోదించిన సినర్జీస్ డూరే కంపెనీది. అందు ద్రవ్యఋణదాతలకు రావలసినది సుమారు 972 కోట్లు; వచ్చునదిగా నిర్ణయింపబడినది సుమారు 54 కోట్లు. నూటికి తొంబదినాలుగు రూపాయలు వదలుకొనుట ఒక్కొక్కప్పుడు తప్పనిదే కావచ్చును. కాని ఎందుకు తప్పలేదో వినుటకు ప్రజలకు హక్కు కలదు.

పెద్ద ఋణదాత లెక్క చూచువాడు లేకున్న ఏమగునో ఈ నగరమునకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. మూసీకి ఆవలి యొడ్డున, రెసిడెన్సీ అండను, విలియం పామరు 1814వ సంవత్సరమున స్థాపించిన సాహుకారీ కోఠీ నిజాము ప్రభుత్వమునకు అప్పులిచ్చినది. నాటి ఆంగ్ల శాసనము దేశీయ ప్రభువులకు ఆంగ్లేయులు అప్పులిచ్చుటను నిషేధించుచుండగా, గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభుత్వము 1816లో ఈ కోఠీకి ప్రత్యేకముగా మినహాయింపు నిచ్చినది. దివాను చందూలాలు దినములలో నూటికి ఇరువదికి మించిన వడ్డీతో బాకీ పెరిగినది. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు ఆ లెక్కలను బయటికి లాగువఱకు అడిగిన నాథుడు లేడు. తుదకు ఉత్తర సర్కారులకై కుంఫిణీవారు నిజామునకు ఏటేట చెల్లింపవలసిన ఏడు లక్షల పేష్కషును 1823లో కోటి పదియాఱు లక్షల చిల్లరకు శాశ్వతముగా మాపు చేసికొని, ఆ సొమ్ముతో కోఠీ బాకీని తీర్చిరి. కృష్ణా గోదావరి తీరముల తెలుగు జిల్లాలపై రాదగిన యాదాయము ఒక సాహుకారు పద్దులో జమయైపోయినది. మరుసటి యేడే కోఠీ దివాలా తీసినది. నేటి బ్యాంకులను పామరుతో పోల్చుట మా యుద్దేశము కాదు. నేడు బాకీని బహిరంగముగా ఋజువు చేయవలసియున్నది, అది గొప్ప మేలు. అయినను, తనిఖీ లేని ఋణదాత యధికారము తుదకు ఇతరుల సొత్తునే హరించునను పాఠము మాత్రము మాయలేదు.

ఇక చిన్నవాని మాట. కర్మాగారమునకు అట్టపెట్టెలు చేసి యిచ్చినవాడు, పనివారికి దుస్తులు కుట్టి యిచ్చిన దర్జీ, లారీల యజమాని – వీరు తాకట్టు వ్రాయించుకొనలేదు. నమ్మకము మీద ఇచ్చిరి. కంపెనీ మూతపడి ఆస్తులమ్మినప్పుడు తాకట్టు గల ఋణదాతలును, ఇరువదినాలుగు నెలల జీతపు బాకీ వఱకు కార్మికులును ముందు వరుసలో నుందురు. వ్యవహార ఋణదాత వంతు వచ్చుసరికి గిన్నె యడుగు కనబడును. 2019 సవరణ వీరికి కనీసపు మొత్తమొకటి నిర్ణయించినది గాని, అది ఈ వరుస ననుసరించియే లెక్కింపబడును గనుక తఱచు సున్నయే యగుచున్నది. పైగా 2020 మార్చి 24వ తేదీన, న్యాయమండలిని ఆశ్రయించుటకు కావలసిన కనీసపు బాకీని లక్ష రూపాయల నుండి కోటి రూపాయలకు పెంచిరి. ద్రవ్యఋణదాతలు పలువురు కూడి పోవచ్చును. చిన్న వర్తకులకు అట్టి సౌకర్యము శాసనమున చెప్పబడలేదు. పత్థర్‌గట్టీలో ఎనుబది లక్షలు మునిగినవానికి ఆ తలుపు మూతపడినట్లే.

అయినను సుప్రీంకోర్టు తీర్పులలో వీరికి ఆధారము బొత్తిగా లేకపోలేదు. ఎస్సారు స్టీలు వ్యాజ్యమున అప్పీలు న్యాయమండలి అందఱికిని ఒకే నిష్పత్తి నిమ్మనగా, 2019 నవంబరు 15వ తేదీ తీర్పు దానిని కొట్టివేసినది. సమానులకే సమానత్వమన్నది. ఈ భాగమును బ్యాంకుల న్యాయవాదులు నిత్యము వల్లించుచున్నారు. అదే తీర్పులో ఇంకొక భాగము కలదు: సంఘము వ్యవహార ఋణదాతలతో సహా అందఱి క్షేమమును ఆలోచించినదా లేదా యని న్యాయమండలి చూడవలయును, ఆలోచింపలేదని తోచినచో ప్రణాళికను తిరిగి సంఘమునకే పంపవచ్చును. ఆ ఎస్సారు వ్యవహారముననే కోటి రూపాయలకు లోబడిన బాకీలు గల చిన్న వర్తకులకు పూర్తిగా చెల్లించుటకు ఏర్పాటు జరిగినది. పెద్ద కంపెనీ చేతులు మాఱుచుండగా చిన్నవారి బాకీ తీర్చుట అసాధ్యము కాదని దీనివలన తేలుచున్నది.

కనుక మేము కోరునవి మూడు. సంఘము తన నిర్ణయమునకు కారణములను, ముఖ్యముగా చిన్న ఋణదాతలకు ఇంతయే ఏల ఇచ్చినదో, వ్రాసి ప్రణాళికతో జతపఱచవలయును. కారణములు లేని ప్రణాళికను న్యాయమండలి తిరుగగొట్టవలయును. చిన్న బాకీలను ముందుగా తీర్చు నియమమును, ఒక సంఘపు దయగా గాక, శాసనముగా చేయవలయును. చిన్న ఋణదాతలు పలువురు కూడి వచ్చినప్పుడు వారి బాకీలను కలిపి కోటి లెక్కించుటకు వీలు కల్పింపవలయును. ఇందు దేనివలనను బ్యాంకుల వ్యాపార వివేకమునకు భంగము రాదు.

శాసనము మాఱువఱకు మనవారు చేయదగిన పని గూడ కలదు. కంపెనీపై దివాలా విచారణ ఆరంభమైనంతనే ఒక ఆంగ్ల పత్రికలోను, ఒక ప్రాంతీయభాషా పత్రికలోను ప్రకటన వేయవలయును. తాత్కాలిక పరిష్కర్త నియామకము మొదలు పదునాలుగు దినములలో బాకీల వివరములు దాఖలు చేయుమని అందు కోరుదురు. ఈ ప్రకటనలను పఠనమందిరములలో సినిమా వార్తలకన్న ముందు చదువవలయును. ఆమోదము పొందిన ప్రణాళికలో చేరని బాకీ నశించునని 2021 ఏప్రిల్ 13వ తేదీన సుప్రీంకోర్టు ఘనశ్యామ్ మిశ్రా వ్యాజ్యమున చెప్పియుండగా, ఊరకుండుట బాకీని చేజేతుల వదలుకొనుటయే యగును. సరకు తయారుచేయు చిన్న పరిశ్రమలవారు ముందే నమోదు చేయించుకొన్నచో 2006 శాసనము క్రింద నలుబదియైదు దినములు దాటిన బాకీపై రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ యడుగవచ్చును. కంపెనీ దివాలాకు పోకమునుపే ఆ హక్కును వాడుకొనవలయును. నోటిమాట మీద ఉద్దెర ఇచ్చు కాలము గడచినది. ప్రతి రవాణాకును రసీదు, ప్రతి బాకీకిని సంతకము ఉండవలయును.

నమ్మకము మీద సరకిచ్చినవాడు నష్టపోవుటయు, తాకట్టు మీద సొమ్మిచ్చినవాడు తీర్పరి యగుటయు ఏ నాటి వర్తకధర్మమును గాదు. సాహుకార్ల వివేకమును సుప్రీంకోర్టు గౌరవించినది. ఆ గౌరవమునకు తగినట్లు నడచుకొను భారము ఇక సాహుకార్లది. నడచుకొననిచో అడుగు భారము న్యాయమండలిదియు, ప్రజలదియు.