హాల్లో ఫోనా, చేతిలో ఫోనా

హనుమకొండలో ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్న ఇళ్లలో ఒక చిన్న ప్రశ్న మిగిలిపోతోంది. గోడకు బిగించిన డబ్బా వెనక, నెట్ తీగల పక్కనే, టెలిఫోను పిన్ను పెట్టుకునే చోటు ఒకటి ఉంటుంది. చాలా ప్లాన్లతో ఒక ల్యాండ్‌లైన్ నంబరు కూడా వస్తుంది. ఫోను మాత్రం చాలాసార్లు మనమే కొనుక్కోవాలి. తీగ ఉన్నది కొనాలా, కార్డ్‌లెస్ కొనాలా, అసలు రెండూ అక్కర్లేదా? జేబులో మొబైలు ఉన్న పాతికేళ్ల కుర్రవాడికి ఇది ప్రశ్నే కాదు. కానీ సుబేదారి, నక్కలగుట్ట, వడ్డేపల్లి వైపు కాలనీల్లో పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడగా పెద్దవాళ్లిద్దరే ఉండే ఇళ్లు తక్కువేమీ కావు. అక్కడ దీన్ని తేలిగ్గా తీసేయడం కష్టం.

ల్యాండ్‌లైన్ పని అయిపోయిందన్న మాట కూడా సగమే నిజం. 2006 నాటికి దేశంలో దాదాపు 5 కోట్ల తీగ కనెక్షన్లుండేవి. తర్వాతి పదిహేనేళ్లలో అవి 2 కోట్ల దగ్గరికి పడిపోయాయి. ఫైబర్ వచ్చాక మళ్లీ 3 కోట్లు దాటాయి. ఈ పెరుగుదల ఇంటర్నెట్ కోసం వచ్చిందే తప్ప ఫోను మీద ప్రేమతో వచ్చింది కాదని ఒప్పుకోవాలి. రాగి తీగ మీద జనం విసుగెత్తడానికీ కారణాలున్నాయి. రోడ్డు తవ్విన ప్రతిసారీ కేబుల్ తెగేది. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చిన వరంగల్‌కు తవ్వకాల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 జనవరి చివర బీఎస్‌ఎన్‌ఎల్‌లో 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక, తెగిన తీగను వెతికి అతికే లైన్‌మన్ దొరకడం మరీ కష్టమైంది.

కార్డ్‌లెస్‌కు అనుకూలంగా చెప్పాల్సిన మొదటి మాట మోకాళ్ల గురించి. హాల్లో ఒక మూల ఫోను మోగుతుంది. వంటింట్లోనో పెరట్లోనో ఉన్న మనిషి అది ఆగిపోయేలోగా అందుకోవాలని పరుగు తీస్తుంది. డెబ్బై దాటిన వయసులో, తడి గచ్చు మీద, ఆ పరుగు తుంటి విరగడంతో ముగిసే ప్రమాదం ఉంది. హ్యాండ్‌సెట్ మంచం పక్కనో కొంగు చాటునో ఉంటే ఆ పరుగు అక్కర్లేదు. ఇప్పటి కార్డ్‌లెస్‌లలో ఎక్కువగా వాడే డెక్ట్ పద్ధతిలో సంకేతం ఇంటి లోపల 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్ల దాకా అందుతుందని లెక్క. ఫోను లైను తగిలించే ఒకే బేసుకు రెండు మూడు హ్యాండ్‌సెట్లు కలుపుకునే మోడళ్లుంటాయి. మేడ మీది నుంచి కిందికి పిలవడానికీ అవే పనికొస్తాయి. గుండీలు పెద్దవి, శబ్దం పెంచుకోవచ్చు. టచ్ స్క్రీన్ మీద వేలు నిలవనివాళ్లకు గుండీ నొక్కితే నొక్కినట్టు తెలియడం చిన్న సౌకర్యం కాదు.

అయితే ఆ 50 మీటర్ల లెక్క గోడల్లేని ఇంటికి దగ్గరగా ఉంటుంది. స్లాబు, ఇనుప బీరువా, రాతి గోడ అడ్డొస్తే సగానికి పడిపోవచ్చు. పైగా ఎక్కడికైనా తీసుకెళ్లగల వస్తువు ఎక్కడైనా మిగిలిపోగలదు. దిండు కిందో దేవుడి గదిలోనో ఉండిపోయిన హ్యాండ్‌సెట్, బ్యాటరీ ఉన్నంతవరకు మోగి, ఆ తర్వాత మూగబోతుంది. బేసు మీద వెతుక్కునే బటన్ ఉన్నా, చార్జింగ్ అయిపోయిన దానికి అది వినపడదు. లోపలి రీచార్జబుల్ సెల్స్ రెండేళ్లో మూడేళ్లో గడిచాక బలహీనపడతాయి. అప్పుడు సెల్స్ మార్చాలన్న సంగతి తెలియక ఫోనే పాడైందనుకుని అటక ఎక్కించేవాళ్లుంటారు.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. అసలు తర్జనభర్జన జరగాల్సింది కరెంటు దగ్గర.

రాగి తీగ ఫోనుకు ఇంట్లో కరెంటు అక్కర్లేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల విద్యుత్తు అదే తీగలో వచ్చేది. మాట్లాడడానికి అది చాలు, మోగించే విద్యుత్తు కూడా ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. 2014కు ముందు ఎండాకాలాల్లో గంటల తరబడి కోతలు అనుభవించిన తెలంగాణ పట్టణాల్లో, ఫ్యాను ఆగిన ఇంట్లో కూడా ఫోను పనిచేసేది. కార్డ్‌లెస్ కొన్నవాళ్లు ఈ గుణాన్ని తెలియకుండానే వదులుకున్నారు. బేసుకు కరెంటు లేకపోతే హ్యాండ్‌సెట్‌లో ఎంత చార్జింగ్ ఉన్నా అది ఉత్త ప్లాస్టిక్కే. లైను బతికే ఉన్నా, ఇంట్లోవాళ్లకు ఫోను చచ్చినట్టే. అందుకే తీగ ఫోను పక్షం వహించేవాళ్లు ఈ వాదాన్నే ముందు పెడతారు. రాగి తీగ ఉన్నంతకాలం దానికి సరైన జవాబు కూడా లేదు.

అయితే ఫైబర్ ఆ వాదాన్ని చాలామటుకు నీరుగార్చింది. గాజు తీగలో వెలుగు వస్తుందే గాని కరెంటు రాదు. గోడ మీది డబ్బా ఆగిపోతే దానికి తగిలించిన ఫోను తీగదైనా, తీగ లేనిదైనా ఒక్కటే. అంటే పాత రోజుల్లో కార్డ్‌లెస్‌కే పరిమితమైన లోపం ఇప్పుడు ల్యాండ్‌లైన్ మొత్తానికీ వచ్చింది. ఈ సంగతి కనెక్షన్ ఇచ్చేవాళ్లు చెప్పరు, తీసుకునేవాళ్లు అడగరు. అదే సమయంలో దీనికి విరుగుడు తేలికైంది కూడా. ఫైబర్ డబ్బాను, కార్డ్‌లెస్ బేసును ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకు మారిస్తే రెండూ నడుస్తాయి. ఇన్వర్టర్ లేని ఇంటికి రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ డబ్బాలున్నాయి. అవి కొన్ని గంటలు నిలబెడతాయి. కానీ ఫైబర్ డబ్బాకూ బేసుకూ ఒక్కోదానికి ఒక్కో అడాప్టరు. ఫైబర్ డబ్బాకు మాత్రమే బ్యాకప్ పెట్టి బేసును మరిచిపోతే పెట్టిన ఖర్చు వృథా. తీగ ఫోనుకు ఆ రెండో అడాప్టరు బాధ లేదు. వాదం నీరుగారినా, ఈ మేరకు మిగిలే ఉంది.

2023 జులై చివరి వానలకు హనుమకొండ, వరంగల్‌లలోని లోతట్టు కాలనీలు నీట మునిగినప్పటి పరిస్థితిని దీనికి జోడించి చూడాలి. కింది అంతస్తులో ప్లగ్గులు నీటిలో ఉంటే ఏ ల్యాండ్‌లైన్ ఫోనైనా ఒకటే. టవర్లకు డీజిల్ ఉన్నంతవరకు మొబైలే దిక్కు. కాబట్టి ఆపద కోసం ల్యాండ్‌లైన్ అని ఎవరైనా అంటే, ఏ ఆపదకు అని తిరిగి అడగక తప్పదు. వరదకు అది పనికిరాకపోవచ్చు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పికి పనికిరావచ్చు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైనప్పటి నుంచి ఆ మూడంకెలు పెద్దవాళ్లకు కంఠతా వచ్చు. చీకట్లో, కళ్లజోడు లేకుండా, కంగారులో ఉన్న మనిషికి ఎప్పుడూ ఒకేచోట ఉండే ఫోను చేతికి తగులుతుంది. హ్యాండ్‌సెట్ అయితే ముందు అదెక్కడుందో గుర్తుకు రావాలి. అయితే నొప్పి వచ్చిన మనిషి మంచం దిగలేని స్థితిలో ఉంటే హాల్లో ఫోను ఉన్నా లేనట్టే. తలగడ పక్కన హ్యాండ్‌సెట్ ఉంటే ప్రాణం నిలబడొచ్చు. ఈ రెండు పరిస్థితుల్లో ఏది వస్తుందో ముందే చెప్పగలిగేవాళ్లెవరు?

ఇంట్లో ఏకాంతం సంగతి ఇంకా చిక్కు. హాల్లో తీగ ఫోనుంటే ప్రతి మాటా అందరిదీ. కోడలు తల్లితో మాట్లాడాలంటే అత్తమ్మ, మామయ్య, టీవీ అందరూ వింటుంటారు. కార్డ్‌లెస్ వచ్చిన ఇళ్లలో ఆమెకు మేడ మీదికో వంటింటి గడప దాకానో వెళ్లి మాట్లాడే వీలు దొరికింది. మొబైలు ప్రతి చేతికీ రాకముందు అది చిన్న స్వేచ్ఛేమీ కాదు. 2015 మే 1 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ ల్యాండ్‌లైన్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా ఉచితంగా మాట్లాడుకోనిచ్చినప్పుడు, ఆ రాత్రి కాల్స్‌కు పడకగది దాకా వచ్చే ఫోనే అనువైంది. కానీ అదే వీలు వల్ల, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడుతున్నారన్న శంక కూడా ఇంట్లోకి వచ్చింది. పదో తరగతి పిల్లవాడు ఫోను పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే తండ్రి మనసు స్థిమితంగా ఉంటుందా? పిల్లవాడి పక్షాన చెప్పాలంటే, వాడికి మాత్రం కాస్త చాటు అక్కర్లేదా? ఇందులో ఎవరిది తప్పో తేల్చే పని నాకు పెట్టుకోవాలని లేదు. ఫోను ఎక్కడుండాలన్నది కొంతవరకు ఆ ఇంటి నడవడికి సంబంధించిన ప్రశ్న అని మాత్రం అనగలను.

ఇంటి బయటి చెవుల గురించి ఒకప్పుడు భయముండేది, అందులో నిజమూ ఉంది. 46, 49 మెగాహెర్ట్జ్‌లలో పనిచేసిన పాత అనలాగ్ కార్డ్‌లెస్‌ల మాటలు పక్కింటి సెట్టులో వినపడడం సాధ్యమే. డెక్ట్‌లో మాటలు సంకేత రూపంలో దాచిపెట్టి పంపుతారు. అది ఛేదించరానిదేమీ కాకపోయినా పక్కింటివాళ్ల పని మాత్రం కాదు. రేడియేషన్ సంగతికి వస్తే, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను క్యాన్సర్ కారకాలు కావచ్చునన్న వర్గంలో చేర్చింది. ఆ వర్గానికి అర్థం సాక్ష్యం పరిమితమని. డెక్ట్ హ్యాండ్‌సెట్ సగటున వెదజల్లేది 10 మిల్లీవాట్ల పాటి. బేసు మాత్రం ఎవరూ మాట్లాడకపోయినా సంకేతం పంపుతూనే ఉంటుంది కాబట్టి, మనసుకు ఇబ్బందిగా ఉన్నవాళ్లు దాన్ని తలగడ దగ్గర కాకుండా హాల్లో పెట్టుకుంటే సరిపోతుంది.

మోసాల విషయంలో ల్యాండ్‌లైన్‌ను మెచ్చుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. వీడియో కాల్‌లో నకిలీ పోలీసు దుస్తులు చూపించి డిజిటల్ అరెస్టు అని బెదిరించడం ఈ ఫోనులో కుదరదు, లింకులు రావు. అది నిజమే అయినా, గొంతుతోనే నమ్మించగల మోసగాళ్లకు ఇది అడ్డు కాదు. పైగా బ్యాంకు ఓటీపీలు మొబైలుకే వస్తాయి కనుక ల్యాండ్‌లైన్ ఉన్నంత మాత్రాన మొబైలు మానేయలేరు. అమెరికాలో ఉన్న మనవరాలి ముఖం కూడా మొబైల్లోనే కనపడుతుంది.

కార్డ్‌లెస్ అనే పేరుతోనే వాడుకలో కలిసిపోయిన మరో రకం ఫోన్లుండేవి. టాటా ఇండికామ్ వాకీ, రిలయన్స్ సెట్లు చూడ్డానికి ల్యాండ్‌లైన్‌లాగే ఉన్నా టవరు మీద నడిచేవి. తీగ లాగించుకోవడానికి నెలల తరబడి ఎదురుచూడాల్సిన అవసరం తప్పించి అవి చాలా ఇళ్లకు మేలు చేశాయి. ఆ కంపెనీల సీడీఎంఏ సేవలు ఆగిపోయాక ఆ సెట్లు ఎందుకూ పనికిరాలేదు. ఇప్పుడు సిమ్ వేసుకునే టేబుల్ ఫోన్లు దొరుకుతున్నాయి. వాటిలో 2జీ మాత్రమే ఉన్నది కొంటే 2జీ లేని జియో సిమ్ అందులో పనిచేయదు. ఆ లెక్కన చూస్తే మామూలు కార్డ్‌లెస్ నయం: రాగి తీగ పోయి ఫైబర్ వచ్చినా, కంపెనీ మారినా, అదే పిన్నుతో పనిచేస్తుంది. నంబరు మాత్రం కంపెనీ మారితే మనతో రాదు. మొబైలుకు ఉన్న పోర్టింగ్ సౌకర్యం ల్యాండ్‌లైన్‌కు లేదు.

ఒక చిన్న సంగతి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైలుకు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. కార్డ్‌లెస్‌లో సున్నా లేకుండా పేర్లతో దాచిన మొబైలు నంబర్లన్నీ ఆ రోజు నుంచి పనికిరాకుండా పోయాయి. వాటిని దాచిపెట్టింది సెలవుల్లో వచ్చిన కొడుకు. మళ్లీ సరిచేయడానికి అతను మళ్లీ రావాలి. సౌకర్యాలు ఎక్కువైనకొద్దీ వాటిని నిర్వహించే మనిషి మీద ఆధారపడడం కూడా ఎక్కువవుతుందన్నది కార్డ్‌లెస్‌ను సిఫారసు చేసేవాళ్లు తరచుగా మరిచే విషయం. ఫోను పక్కన గోడకు అంటించిన కాగితం మీది నంబర్లను మాత్రం పెన్నుతో ఎవరైనా దిద్దుకోగలరు.

కనుక అందరికీ ఒకే సలహా చెప్పలేం. అద్దెకు రెండు గదుల్లో ఉండే యువ దంపతులకు ఏదీ అక్కర్లేకపోవచ్చు. వినికిడి యంత్రం వాడేవాళ్లు కార్డ్‌లెస్‌ను చెవికి పెట్టుకుని చూడకుండా కొనకపోవడం మంచిది. కొన్ని యంత్రాల్లో గరగర వస్తుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే మేడ ఇంటికైతే, ఒకే లైను మీద హాల్లో ఒక తీగ ఫోను, పడకగదిలో ఒక కార్డ్‌లెస్ ఉంచడం నా దృష్టిలో మెరుగు. ఒక పిన్నును రెండుగా చీల్చే చిన్న సాకెట్టు కొట్లలో దొరుకుతుంది. రెండు మామూలు ఫోన్లను మోగించే శక్తి ఫైబర్ డబ్బాకు సాధారణంగా ఉంటుంది. ఇది ఖర్చును కొంత పెంచుతుంది, తీగల చిక్కును కూడా పెంచుతుంది. పెద్దవాళ్లకు ఇష్టం లేకుండా పిల్లలు పెట్టించి వెళ్లిపోతే రెండూ దుమ్ము పట్టొచ్చు. అందుకని పెట్టించిన సాయంత్రమే మెయిన్ ఆపి, రెండింటి నుంచీ ఆ పెద్దవాళ్ల చేతనే పక్కింటికి ఒకసారి ఫోను చేయించి చూడాలి. కలవకపోతే ఫోనును తిరిగి ఇచ్చేసే ముందు, బేసూ డబ్బా ఏ ప్లగ్గులో ఉన్నాయో చూసుకోవాలి.